కాంటా మీద అన్న

11 ఫిబ్రవరి 2024, ఆదివారం. వీపనగండ్ల

పల్లికాయ బస్తాలు తూకం వేస్తున్నాం. అన్న ఒక బస్తాను భుజానికెత్తుకోబోయి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. బస్తా జారి కాయలన్నీ కల్లం నిండా చెదిరాయి. 57 ఏళ్ళ మనిషి, పోయిన పంటకు కూడా ఎవరి సాయం లేకుండా బస్తాలు మోశాడు.

"ఏంలే తమ్మీ, కండ్లు తిరిగినయి. పొద్దుగాల ఏం తినలే" అన్నాడు.

"పొద్దుగాల ఒక్కటేనా? దసర కాడికెల్లి గిట్లనే. రెండు బుక్కలు తింటే చాలు, కడుపు నిండిందంటడు" అంది వదిన, కాయలు కుప్ప చేస్తూ.

ఎందుకో అన్నను కాంటా మీద నిలబడమన్నాను. 55 కిలోలు. పోయినేడు పిల్లలతో ఆటగా ఇదే కాంటా ఎక్కినప్పుడు 66. పదకొండు కిలోలంటే మనిషిలో ఆరో వంతు. రోజూ చూస్తున్న కళ్ళే కాబట్టి మా ఎవరికీ తెలియలేదు. అంగీ వదులైందని వదిన రెండుసార్లు కుట్టు వేసిందట.

జేబులోంచి గోలీల పట్టీ తీసి చూపించాడు. గ్యాస్ గోలీలు. వానకాలం నాట్లప్పుడు కడుపులో మంట మొదలైతే ఆర్‌ఎంపీ ఇచ్చాడు. వేసుకుంటే నాలుగు రోజులు బాగుంటుంది, మళ్ళీ మంట, మళ్ళీ పట్టీ. ఎనిమిది నెలలు.

16 ఫిబ్రవరి, శుక్రవారం

వనపర్తి తీసుకుపోయాను. హిమోగ్లోబిన్ 7.4. డాక్టరమ్మ కనురెప్ప కిందికి లాగి చూసి, అన్నను ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: "పెద్దాయనా, దొడ్డికి నల్లగా వస్తుందా, తారు లాగ?"

"వస్తది మేడం. ఆర్నెల్లాయె."

ఆర్నెల్లు. ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. చెప్పుకునే మాట కాదనుకున్నాడు. నల్లగా రావడమంటే పైన కడుపులో ఎక్కడో నెత్తురు కారుతోందని, అది పేగుల్లో జీర్ణమై నల్లబడి దిగుతోందని మేడం విడమరిచి చెప్పింది. యాభై దాటిన మగవాడికి నెత్తురు తగ్గితే ఐరన్ గోలీలు రాసి పంపడం వైద్యం కాదు, ఆ నెత్తురు ఎటు పోతోందో వెతకాలి అంది. రక్తహీనత పాఠం నేను ఇరవై రెండేళ్ళుగా తొమ్మిది, పది తరగతులకు చెబుతున్నాను. పక్కింట్లో ఉన్న అన్న ముఖం పాలిపోవడం నాకు కనపడలేదు. ఈ మాట ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

20 ఫిబ్రవరి

మహబూబ్‌నగర్‌లో ఎండోస్కోపీ. నన్ను లోపలికి రానిచ్చారు. తెర మీద గులాబి రంగు మడతలు, తడిగా మెరుస్తూ, ఊపిరితో పాటు కదులుతూ. జీర్ణాశయం కింది భాగంలో, పేగులోకి తెరుచుకునే దారికి కాస్త ముందు మడతలన్నీ ఆగిపోయాయి. అక్కడ ఒక గుంత. అంచులు లేచి గట్టిగా ఉన్నాయి, అడుగు తెల్లగా ఉంది. గొట్టం తగలగానే నెత్తురు ఉబికింది.

ఆరు ముక్కలు తీశారు. చిటికెన వేలంత సీసాలో, మందు నీళ్ళలో, బియ్యపు నూకల్లా తేలుతున్నాయి. ఆ సీసాను ల్యాబు దాకా నేనే పట్టుకుపోయాను. రోడ్డు దాటేటప్పుడు రెండు చేతులతో పట్టుకున్నాను.

28 ఫిబ్రవరి

రిపోర్టు వచ్చింది. అడినోకార్సినోమా. జీర్ణాశయపు లోపలి పొరలో పుట్టే క్యాన్సర్.

పొద్దున్నుంచీ ఫోన్లు. అందరిదీ ఒకే మాట: "ఆయనకు చెప్పొద్దు. దిగులుతోనే పోతడు." నాకు అది సరికాదనిపించింది. ఏం జబ్బో తెలియని మనిషి జుట్టు రాలే మందుకు ఎందుకు ఒప్పుకుంటాడు? నెలల తరబడి హైదరాబాదు బస్సు ఎందుకెక్కుతాడు? సాయంత్రం చేను గట్టు మీద కూర్చోబెట్టి నేనే చెప్పాను.

కాసేపు మడి వైపు చూశాడు. "మందుందా?" అన్నాడు.

"ఉంది. జల్ది పోతే."

"మరి రేపే పోదాం."

7 మార్చి. హైదరాబాదు

రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే. మనవాళ్ళందరికీ ‘క్యాన్సర్ దవాఖాన’ అనే తెలుసు. 1955 నుంచి ఉన్న సర్కారు దవాఖాన. ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గర వరుసలో నిలబడ్డప్పుడు గుర్తొచ్చింది: 2007లో ఆ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మన పాలమూరు ఒకటి. అనంతపురం, శ్రీకాకుళం మిగతా రెండు. మొన్న డిసెంబరులో పరిమితిని 10 లక్షలకు పెంచారు. ఆ కార్డు లేకుంటే ఈపాటికి అన్న ఎకరం అమ్మకానికి పెట్టేవాడు.

సీటీ తీశారు. ఆ తరువాత పొట్టకు చిన్న రంధ్రం చేసి కెమెరాతో లోపల చూశారు, సీటీకి చిక్కని చిన్న చిన్న గింజలు పొట్ట పొర మీద ఏమైనా ఉన్నాయేమోనని. లేవు. కాలేయం శుభ్రంగా ఉంది. కానీ జబ్బు గోడలోని కండర పొరను దాటింది, పక్కనున్న కొన్ని లింఫు గ్రంథులు ఉబ్బి ఉన్నాయి.

మనిషి బతుకుతాడా లేదా అన్నదానికి వీళ్ళు మొదట చూసేది ఈ మూడే: గోడలో ఎంత లోతుకు దిగింది, ఎన్ని గ్రంథుల్లోకి పాకింది, దూరపు అవయవానికి చేరిందా. వయసు, తక్కిన జబ్బులు, ఒంట్లో సత్తువ ఆ తరువాతి లెక్కలు. అన్న బాధ గురించి గానీ గడ్డ సైజు గురించి గానీ నేను అనుకున్నంతగా ఎవరూ అడగలేదు.

8 మార్చి, రాత్రి

వరండాలో మా పక్కన చాప వేసుకున్నవాళ్ళ గురించి.

నాగర్‌కర్నూలు దిక్కు నుంచి వచ్చిన పెద్దమనిషికి అన్నవాహికలో గడ్డ. మొదట రొట్టె దిగలేదట, అన్నం తిన్నాడు. అన్నం దిగలేదు, జావ తాగాడు. ఇప్పుడు నీళ్ళు కూడా దిగక వచ్చాడు. ముప్పై ఏళ్ళ బీడీ. ఆహార గొట్టం సాగే గుణం వల్ల సగానికి పైగా మూసుకుపోయేదాకా మనిషికి తెలియదట. తెలిసిన నాటికి ఆపరేషన్ గడువు దాటిపోతుంది. ఆయనకు లోపల జాలీ గొట్టం వేసి, మింగే దారి మాత్రం తెరుస్తారట.

ఇంకొకామెది పెద్దపేగు. నలభై రెండేళ్ళు. దొడ్డిలో నెత్తురు పడితే మొలలని ఏడాదిన్నర పసరు మందు. మొలలకు అవతల ఏముందో ఎవరూ వేలు పెట్టి కూడా చూడలేదు. కాలేయంలో నాలుగు మచ్చలు.

గొట్టం ఒకటే, నోటి నుంచి కింది దాకా. ముగ్గురిదీ వేర్వేరు చోట. ముగ్గురి కథలోనూ పోయినవి నెలలే.

17 మార్చి

ఈరోజు కూర్చుని చదివాను. ప్రపంచంలో 2010-14 మధ్య జీర్ణాశయ క్యాన్సర్ బయటపడినవాళ్ళలో అయిదేళ్ళు బతికినవాళ్ళు దక్షిణ కొరియాలో నూటికి దాదాపు 69 మంది, జపాన్‌లో 60. మిగతా చాలా దేశాల్లో 40 కూడా లేదు. కొరియా డాక్టర్ల దగ్గర మనకు లేని మందేమీ లేదు. అక్కడ ఈ జబ్బు ఎక్కువ కాబట్టి నలభై దాటిన ప్రతి మనిషికీ రెండేళ్ళకోసారి కడుపు పరీక్ష సర్కారే చేయిస్తుంది. 1999లో మొదలైంది. జబ్బు లోపలి పొరలో ఉండగానే దొరుకుతుంది, కొందరికి పొట్ట కోయకుండా గొట్టంతోనే గీకి తీసేస్తారు.

మన దగ్గర అందరికీ అంత పరీక్ష పెట్టలేం, పెట్టాల్సినంత జబ్బు కూడా లేదు. కానీ పదకొండు కిలోలు తగ్గిన మనిషికి పెట్టగలం కదా.

ఎల్లుండి నుంచి కీమో. నాలుగు మందులు కలిపి, రెండు వారాలకోసారి. ఆపరేషన్‌కు ముందు నాలుగు విడతలు, తరువాత నాలుగు. ఇది జర్మనీలో 716 మంది మీద చూసి తేల్చిన పద్ధతి, 2019లో బయటికొచ్చింది. పాత మందులతో సగం మంది 35 నెలలు బతికితే దీనితో 50 నెలలు. ముందు కోత, తరువాతే మందు అని మొండికేసిన మా చిన్నాయనకు ఈ లెక్క చెప్పాను. విన్నాడు.

9 ఏప్రిల్, ఉగాది

రెండు విడతలు అయ్యాయి. 53 కిలోలు.

పచ్చడి అన్న నాలుక మీద పెట్టుకుని వదిలేశాడు. అన్నీ ఇనుప రుచే అంటాడు. చల్లటి చెంబు ముట్టుకుంటే వేళ్ళలో కరెంటు షాకు కొట్టినట్టుందట. అది ఒక మందు గుణమని ముందే చెప్పారు.

ఈ ఇంట్లో ఇప్పుడు అసలు వైద్యం వదినది. పాత లెక్కల నోట్‌బుక్‌లో గీతలు గీసుకుంది. ఆరు గడులు, ఆరు పూటలు. ఆరింటికి పాలలో కలిపిన జొన్న అంబలి. ఎనిమిదింటికి గుడ్డు. పదిన్నరకు నానబెట్టి ఉడకబెట్టిన పల్లికాయ, మెత్తగా నూరి. ఒంటిగంటకు పెసరపప్పుతో మెత్తటి బువ్వ. నాలుగింటికి పెరుగు. రాత్రికి మళ్ళీ గుడ్డు, లేదా చేప. తిన్నదానికి టిక్కు, కక్కుకుంటే సున్నా. చదువు అయిదో తరగతే, కానీ ఆ పుస్తకం చూసి డైటీషియన్ అమ్మాయి ఫోటో తీసుకుంది.

ఊరి నుంచి మాత్రం రోజూ ఒకరు వస్తారు. "గుడ్లు, నీసు పెడుతున్నరా? పత్యం చేయాలె. ఉప్పు, నూనె మానాలె." ఒకాయన నల్లమల నుంచి చెట్టు మందు తెచ్చాడు, దానికి నలభై రోజులు ఉత్త జావ మీద ఉండాలట. ప్రేమతోనే తెచ్చాడు. కాదనడానికి నాకు నోరు రాలేదు. వదినకు వచ్చింది: "ఉన్న కండ గిట్ల పోతే కోతకు ఎట్ల తట్టుకుంటడు? నాకు ఆయన కావాలె, పత్యం కాదు."

ఈ ఒక్క విషయంలో మన ఊళ్ళ అలవాటు మనుషుల్ని చంపుతోందని రాయడానికి వెనకాడను. కండ కరిగి, ఒంట్లో ప్రోటీన్ పడిపోయిన మనిషికి కీమో విడతలు వాయిదా పడతాయి, కోత తరువాత కుట్లు మానవు, చీము పడుతుంది. గడ్డకు వేసే మందు ఎంత ముఖ్యమో గిన్నెలో పడే గుడ్డు అంత ముఖ్యం.

అమెరికాలో ఏడు లక్షలకు పైగా క్యాన్సర్ రోగుల వివరాలు చూసి 2013లో ఒక లెక్క వేశారు. పెళ్ళయి తోడు ఉన్నవాళ్ళకు జబ్బు త్వరగా బయటపడుతోంది, వైద్యం పూర్తిగా అందుతోంది, వాళ్ళు ఎక్కువ కాలం బతుకుతున్నారు. ఆ గడుల పుస్తకం చూస్తే ఎందుకో తెలుస్తుంది.

అన్న బీడీ మానేసి నేటికి నలభై ఒక్క రోజులు.

6 జూన్, గురువారం

ఆపరేషన్. పొద్దున ఎనిమిదిన్నరకు లోపలికి తీసుకెళ్ళారు. అన్న పెద్దకొడుకు, వదిన, నేను బెంచీ మీద. వదిన ఆ నోట్‌బుక్ ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది.

వియన్నాలో 1881 జనవరి 29న బిల్‌రోత్ అనే సర్జన్ మొదటిసారి ఇదే ఆపరేషన్ విజయవంతంగా చేశాడు. జీర్ణాశయం కింది భాగం కోసి మిగిలినదాన్ని పేగుకు కుట్టాడు. 43 ఏళ్ళ ఆమె, కోత నుంచి కోలుకుని ఇంటికి పోయింది. నాలుగు నెలలకు చనిపోయింది. చెయ్యి తప్పలేదు, కుట్టు తప్పలేదు. జబ్బు అప్పటికే దాటిపోయి ఉంది. బెంచీ మీద పొద్దంతా ఈ సంగతి మనసులో తిరిగింది, ఎవరికీ చెప్పలేదు.

దగ్గర్లోనే చిన్న నర్సింగ్‌హోంలో వారంలో చేయిస్తామని ఏప్రిల్‌లో ఒక బంధువు చెప్పాడు. ఒప్పుకోకపోవడం మంచిదైంది. ఇలాంటి కోతలు ఏడాదికి ఒకటో రెండో చేసే చోటుకూ, వారం వారం చేసే చోటుకూ ప్రాణాల లెక్కలో తేడా ఉంటుందని, అన్నవాహిక, క్లోమం లాంటి చోట్లయితే ఆ తేడా ఇంకా ఎక్కువని అమెరికా వాళ్ళు 2002లోనే చూపించారు.

రెండున్నరకు బయటికొచ్చారు. మూడింట రెండు వంతులు తీసేశారు. చుట్టూ ఉన్న గ్రంథులు కూడా.

22 జూన్

పాథాలజీ రిపోర్టు. కోసిన అంచుల్లో క్యాన్సర్ కణాల్లేవు. 24 గ్రంథులు చూశారు, మూడింట్లో జబ్బు ఉంది.

ఈ అంకె గురించి డాక్టరును అడిగాను. కనీసం 16 గ్రంథులు తీసి చూడాలట. నాలుగు తీసి నాలుగూ బాగున్నాయంటే ఆ మాటకు బలం లేదు, చూడని చోట ఏముందో తెలియదు. సున్నా ఉంటే ఎక్కువ ఆశ, మూడంటే మధ్యరకం, ఏడు, ఆపైన ఉంటే కష్టం. అన్న మధ్యలో ఉన్నాడు.

"ఇరవై నాల్గింట్ల మూడంటే మడిల కలుపు అంతే కదా తమ్మీ" అన్నాడు. అవునన్నాను. అయితే మిగతా నాలుగు విడతలు కలుపు మందే అని కూడా చెప్పాను.

18 ఆగస్టు, ఆదివారం

51 కిలోలు. కోత తరువాత రెండు విడతలు అయ్యాయి. ఇక పోను అంటున్నాడు. అరికాళ్ళ తిమ్మిరితో ఒడ్డు మీద నడుస్తుంటే చెప్పు ఎప్పుడు జారిందో తెలియడం లేదట. నాట్లు నడుస్తున్నాయి, కూలీలు దొరకడం లేదు. "గడ్డ తీసేసిన్రు కదా. ఇంక దేనికి?"

నిజం చెప్పాలంటే ఆ జర్మనీ లెక్కలో కూడా అన్ని విడతలూ పూర్తి చేసినవాళ్ళు సగం కంటే తక్కువే. అందుకే ఆయన్ను తప్పుపట్టలేకపోయాను. రేపు రాఖీ, అక్క వస్తుంది.

19 ఆగస్టు

అక్క రాఖీ కట్టింది. అన్న వంద నోటు తీశాడు. అక్క తీసుకోలేదు.

"మరేం కావాలె?"

"బుధవారం బస్సెక్కు."

చాలాసేపు చేతికున్న రాఖీ వైపు చూశాడు. డాక్టరుకు తిమ్మిరి సంగతి చెప్పమన్నాను. చెబితే ఆ ఒక్క మందు మోతాదు తగ్గిస్తారు, తక్కినవి సాగుతాయి. ఓర్చుకుని చెప్పకుండా ఉండడం, లేదంటే మొత్తం మానేయడం, మనవాళ్ళకు ఈ రెండే దారులు తెలుసు. మూడోది ఉందని ఎవరో ఒకరు చెప్పాలి.

21 ఆగస్టు

పెబ్బేరులో హైదరాబాదు బస్సెక్కించాను. వదిన సంచిలో ఆరు డబ్బాలు.

14 జనవరి 2025, సంక్రాంతి

నాలుగు విడతలూ సెప్టెంబరులోనే అయిపోయాయి. 54 కిలోలు.

అన్న ఈరోజు రెండు అరిసెలు తిని, తీపి చాయ తాగాడు. పావుగంటలో చెమటలు, గుండెదడ, కళ్ళు తిరగడం. ఇల్లంతా ఏడుపు. నేను పడుకోబెట్టాను. చక్కెర నిలిపి కొంచెం కొంచెంగా వదిలే సంచి ఇప్పుడు చిన్నది, తీపంతా ఒక్కసారిగా పేగులో పడుతుంది. అరగంటలో తేరుకున్నాడు. కొంచెం కొంచెం తినాలి, నీళ్ళు బువ్వతో కాక తరువాత తాగాలి. బి12, ఐరన్ చూపించుకుంటూ ఉండాలి.

సాయంత్రం ఫోను. వరండాలో మా పక్కన చాప వేసుకున్న ఆమె నిన్న పోయిందట. చివరి నెలల్లో మార్ఫిన్ గోలీలతో నొప్పి లేకుండా ఉందని ఆమె కొడుకు చెప్పాడు. జాలీ గొట్టం వేసిన పెద్దమనిషి దసరాకే పోయాడు. ఇంకేమీ రాయలేకపోతున్నాను.

15 జూన్ 2025

పెద్దపేగు క్యాన్సర్‌కు కోత, కీమో అయినవాళ్ళ చేత మూడేళ్ళు పద్ధతిగా వ్యాయామం చేయించిన ఫలితాలు ఈ నెల వచ్చాయి. ఎనిమిదేళ్ళకు వ్యాయామం చేసినవాళ్ళలో నూటికి 90 మంది ఉన్నారు, పుస్తకం ఇచ్చి పంపినవాళ్ళలో 83. అన్నది పెద్దపేగు కాదు. అయినా చెప్పాను. రోజూ కాలువ గట్టు మీద పోయి వస్తున్నాడు.

8 నవంబరు 2025, శనివారం

అన్నకు స్కాన్ బాగుంది. 57 కిలోలు. తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్ళలోనే అంటున్నారు, ఇంకా ఏడు నెలలుంది. అందుకని ‘నయమైంది’ అనే మాట ఇంట్లో ఎవరమూ వాడడం లేదు.

తోడబుట్టినవాణ్ణి కాబట్టి నేనూ పోయిన వారం ఎండోస్కోపీ చేయించుకున్నాను. హెలికోబాక్టర్ పైలోరి ఉంది. జీర్ణాశయంలో బతికే ఈ బాక్టీరియాను ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1994లోనే క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. దీన్ని కనిపెట్టిన ఇద్దరు ఆస్ట్రేలియా వాళ్ళకు 2005లో నోబెల్ వచ్చింది. చిన్నప్పుడు ఒకే ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది, ఉన్నవాళ్ళలో చాలా మందికి ఏమీ కాదు. మాది ఒకే కంచం. పద్నాలుగు రోజుల మందు మొదలుపెట్టాను. అక్కను కూడా రమ్మన్నాను.

సాయంత్రం ఆర్‌ఎంపీ ఇంటికొచ్చాడు. అన్న విషయంలో ఆయన మీద నాకు కోపం ఉండేది. అరుగు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "సారూ, గ్యాస్ అని వస్తే ఎన్ని దినాలు చూడాలె?" అని అడిగాడు. ఆయన చీటీల పుస్తకం మీదే రాసిచ్చాను. గోలీ రెండు వారాలు, తగ్గకపోయినా, తగ్గి మళ్ళీ వచ్చినా వనపర్తి. బరువు తగ్గినా, నల్లగా వెళ్ళినా, ముద్ద దిగకపోయినా, వాంతులు ఆగకపోయినా, ముఖం పాలిపోయినా గోలీయే వద్దు, ఆ రోజే పంపాలి. దొడ్డిలో నెత్తురు పడితే మొలలని అనుకోవద్దు, చూపించాలి.

ఆ చీటీని తన గోడకు అంటించుకుంటానన్నాడు. ఈ వారంలో ఇప్పటికే ఇద్దరిని పంపానన్నాడు. ఒకరికి మామూలు పుండే. ఇంకొకరి రిపోర్టు సోమవారం వస్తుంది.